మరణించి ఉండేవారి ధ్రువపత్రం

శాస్త్రం కూడా ఒక పథకమేనని, పథకం అన్నాక లబ్ధిదారులు ఉండి తీరాలని, లబ్ధిదారులన్నాక వాళ్లకు పేరూ వేలిముద్రా ఉండాలని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చిన రోజున మా కేంద్రంలో కరెంటు లేదు. నేను ఆ ఉత్తర్వుతోనే విసురుకుంటూ దాన్ని చదివాను. మందపాటి కాగితం. గాలి బాగా వచ్చింది. ఆ ఉత్తర్వువల్ల ప్రజలకు కలిగిన ప్రయోజనాల్లో నేను రుజువు చేయగలిగింది ఇదొక్కటే.

మాది ఉప్పెన పరిశోధన కేంద్రం. గుల్లపాలెం అనే జాలర్ల ఊరికి కాస్త ఎగువన, ఇసుక దిబ్బ మీద ఉంటుంది. తుఫాను ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లది పెద్ద ఆఫీసు, రేడియోలో కూడా వాళ్ల మాట వినబడుతుంది. వచ్చిన తుఫాను సముద్రాన్ని ఎంత ఎత్తుకు లేపుతుందో, ఆ నీళ్లు ఏ వీధి దాకా వచ్చి ఎవరి గడప దగ్గర ఆగుతాయో లెక్కగట్టడం మా పని. మా పని అంటే డాక్టర్ కాత్యాయని గారి పని. సముద్రం అడుగున నేల వాలు కొలిచి కొలిచి ఆవిడ జుట్టు నెరిసిపోయింది. నేను హెడ్ గుమాస్తాని. నా కింద ఎవరూ లేరు కాబట్టి దేనికి హెడ్డునో నాకింతవరకూ తెలియదు.

కిందటి పెద్ద తుఫానుకు ఆవిడ, "నీళ్లు బడి గోడ దాకా వస్తాయి, గోడ దాటవు" అన్నారు. ఊరంతా బడి మేడ ఎక్కింది. నీళ్లు గోడను ముట్టుకుని వెనక్కి పోయాయి. ఇళ్లు పోయాయి, తెప్పలు పోయాయి, వలలు పోయాయి. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు. మేం పొంగిపోయాం. అదే మా కొంప ముంచబోతోందని అప్పుడు తెలియలేదు.

మన దగ్గర ఏ పథకానికైనా ప్రాణం ఫోటో. ఇచ్చే వస్తువుకు ఒక కొస అధికారి, రెండో కొస లబ్ధిదారు పట్టుకుని ఇద్దరూ కెమెరా వైపు చూడాలి. వస్తువు వైపు చూశారా, ఫోటో చెల్లదు. ఉత్తర్వు రాగానే వేరుశనగ పరిశోధన వాళ్లు గింజల సంచితో గట్టెక్కేశారు. నక్షత్రాలను పరిశోధించేవాళ్లు పాపం చాలా తిరిగి, ఒక కొత్త పెళ్లికొడుకును పట్టుకున్నారట. తనకు అరుంధతి కనబడిందని అతనిచేత సంతకం పెట్టించి, టెలిస్కోపుకు రెండో కొస పట్టించారు. మరి మేం ఎవరి చేత ఏం పట్టించాలి?

ఆ సంగతి తేల్చడానికి ప్రజాధన ప్రయోజన మదింపు సంచాలకులు శ్రీ పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. మనిషి సన్నం, మాట గ్రాంథికం. ఇంట్లో మంచినీళ్లు కూడా ఇలాగే అడుగుతారా అని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

"అమ్మా, ఈ కేంద్రము మూలమున ప్రజాబాహుళ్యమునకు ఒనగూడిన సామాజిక, ఆర్థిక ప్రయోజనమును ఒక్క వాక్యములో సెలవియ్యండి."

"కిందటి తుఫానులో ఎవరూ చనిపోలేదండీ" అన్నారు కాత్యాయని గారు.

"మంచిది. ఎవరెవరు?"

"ఎవరెవరు అంటే?"

"ఎవరెవరు చనిపోలేదు? నామధేయములు."

"ఊరంతా చనిపోలేదండీ."

"ఊరంతా అనుట మదింపు కాదు. ప్రక్క జిల్లాలో కూడా వేలాది జనులు ఆ రోజున చనిపోలేదు. దానిని అచ్చటి పశువైద్య పరిశోధన వారు తమ ఖాతాలో వ్రాసుకొనియున్నారు. మీ కేంద్రము లేనిచో నిర్దిష్టముగా ఎవరు మరణించి ఉండెడివారో, ఆ వ్యక్తులు మాకు కావలెను."

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. పల్లపు వీధిలో నీళ్లు ఇంత ఎత్తున వచ్చాయి, వేగం ఇంత, అందులో మనుషులు ఉండి ఉంటే బహుశా ఇంతమంది అని. పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బహుశా అను దానికి మా పట్టికలో గడి లేదమ్మా. గ్రామ రెవెన్యూ అధికారి వద్దనుండి ఒక్కొక్కరికి మరణించి ఉండెడివారి ధ్రువపత్రము తెప్పించండి. పని పారదర్శకముగా ఉండును."

మా రెవెన్యూ అధికారి సన్యాసినాయుడు ఆ మాట విని నాకేసి జాలిగా చూశాడు. ఎండలో తిరిగి వచ్చానేమోనని కుర్చీ వేయించాడు.

"సచ్చినోడికి సచ్చినట్టు రాసిస్తాను గుమాస్తా బావూ. బతికున్నోడికి పింఛను కోసం బతికున్నట్టు రాసిస్తాను. సచ్చిపోయుండాల్సినోడికి ఏటని రాయమంటారు? నా పెన్ను ఆడదు."

వారం తిరక్కుండా పైనుంచి అతనికి ఆదేశం వచ్చింది. పెన్ను ఆడింది.

అర్హుల ఎంపికకు బడిలో గ్రామసభ పెట్టారు. ఎవరూ రారేమోనని నేను భయపడ్డాను. తీరా చూస్తే ఇసక వేస్తే రాలనంత జనం. మరణించి ఉండేవారికి పక్కా ఇళ్లు ఇస్తారని ఎవరో పుకారు పుట్టించారు. అప్పటిదాకా కిందటి తుఫానును తల్చుకోవడానికే ఇష్టపడనివాళ్లు, ఆ రోజు తాము ఎలా చచ్చిపోయేవాళ్లో చేతులు తిప్పుతూ వర్ణించడం మొదలుపెట్టారు. ఎండుచేపలమ్మే పోలమ్మ గంపతో సహా వచ్చి ముందు వరసలో నిలబడింది. ఆమె గొంతు ఊరి ఆ చివర పలికితే ఈ చివర పిల్లులు లేస్తాయి.

"నా కొంప సముద్రానికి ఎదురుగుంటాది బావూ. అందరికన్నా ముందు నాను సచ్చిపోదును. సిట్టెమ్మ కొంప నా యెనకాల. నా శవాన్ని దాటుకుని ఎల్తే గానీ నీళ్లు దాని కాడికి రావు. దాని పేరు నాకన్నా ముందు రాసీసినారేటి?"

సంచాలకులు ఆమె న్యాయాన్ని గుర్తించి వరస మార్పించారు. కొండ దగ్గరి ఊరినుంచి ఒక పెద్దమనిషి సిఫారసుతో వచ్చాడు. ఆ రోజు గుల్లపాలెం వద్దామనుకున్నాడట, కడుపునొప్పి వల్ల రాలేదట, వచ్చి ఉంటే నీళ్లలో పోయేవాడట. ఆయన్ని "ఉద్దేశపూర్వక లబ్ధిదారు" అనే తరగతి కింద చేర్చారు.

ఫోటో దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. పరాంకుశం గారు బడి వరండాలో అటూ ఇటూ పచార్లు చేసి, ఆగి, మొహం వెలిగించుకున్నారు.

"మనము వీరికి ఏమి ఇచ్చితిమి? మరణము ఇవ్వకపోతిమి. మరణించినచో వీరి ఫోటోకు ఏమి వేసెడివారు? దండ. ఆ దండ వేయవలసిన అవసరమును మనము తప్పించితిమి. కావున వేయని దండను సగౌరవముగా అందజేయుదము."

పట్నం నుంచి ప్లాస్టిక్ బంతిపూల దండలు వచ్చాయి. ఒక్కొక్కరూ వచ్చి తమ మెడలో పడని దండకు ఒక కొస పట్టుకుని, రెండో కొస సంచాలకుల వారికిచ్చి, కెమెరా వైపు చూసి నవ్వారు. నాక్కూడా నవ్వు ఆగలేదు. కాత్యాయని గారు మాత్రం ఒక మూల నిలబడి పిల్లలనే చూస్తున్నారు. ఆ రోజు నీళ్లలో వీళ్లు ఎక్కడుండేవాళ్లో ఆవిడకు లెక్క తెలుసు. అందుకని ఆవిడకు నవ్వు రాలేదు.

మా కేంద్రం ప్రయోజనం ఊరి జనాభాను దాటిపోయింది. పరాంకుశం గారు సంతృప్తిగా వెళ్లారు. మేం ఇక ప్రశాంతంగా సముద్రాన్ని కొలుచుకోవచ్చనుకున్నాం.

తర్వాతి నెల మొదట్లో పోలమ్మ రేషన్ దుకాణంలో మిషను మీద వేలు పెట్టింది. మిషనులోంచి ఒక ఆడగొంతు చాలా మర్యాదగా, "ఈ కార్డుదారు మరణించినారు. ధన్యవాదములు" అంది. డీలరు బియ్యం డబ్బా మూత వేసేశాడు. పోలమ్మ అక్కణ్ణుంచి పింఛను కోసం వెళ్లింది. అక్కడా చచ్చిపోయే ఉంది. అప్పుడు గంప నెత్తిన పెట్టుకుని, వెనక ఊరంతా రాగా, మా దిబ్బ ఎక్కింది.

"నన్ను సంపీసినారు కదేటి అమ్మగోరూ! సముద్రం సంపనేదు, మీ కాయితం సంపీసింది. ఇదిగో దండ. ఎవుడి మెడలో ఏసుకుంతారో ఏసుకోండి."

కాత్యాయని గారు ఆ క్షణంలోనే పరాంకుశం గారికి ఫోను చేశారు. ఆయన గొంతు ప్రశాంతంగా ఉంది.

"యంత్రములో రెండే గడులున్నవమ్మా. జీవించియున్నవారు, మరణించినవారు. మరణించి ఉండెడివారిని మొదటి గడిలో వేసినచో వారికిని ఇతరులకును భేదమేమి? భేదము లేనిచో మీ ప్రయోజనమేమి? మధ్య గడికి టెండరు పిలిచెదము. ఈలోగా ఎవరైనను జీవించదలచినచో, తాము మరణించి ఉండెడివారము కామని వాంగ్మూలము ఇచ్చుకొనవచ్చును."

ఇంక చూడాలి ఆ వరస! సన్యాసినాయుడి బల్ల ముందు నిలబడి ఊళ్లో ప్రతివాడూ తాను ఆ తుఫానులో చచ్చే ప్రసక్తే లేదని ప్రమాణం చేశాడు. ఒకడు తాటిచెట్టు ఎక్కేసేవాణ్ణన్నాడు. ఒకడు గేదె తోక పట్టుకుని తేలేవాణ్ణన్నాడు. చిట్టెమ్మకు మోకాళ్ల నొప్పులు, లేచి నిలబడాలంటే ఇద్దరు పట్టాలి, ఆవిడ పరిగెత్తేదాన్నని వేలిముద్ర వేసింది. కిందటిసారి శవంగా ముందు వరసలో ఉన్న పోలమ్మ, "నాను సేపకి తోబుట్టువుని, నాకేటవుతాది?" అంది. కొండ దగ్గరి పెద్దమనిషి ఒక్కడే చావు మీద చివరిదాకా నిలబడ్డాడు. ఆయన ఊరు సముద్రానికి చాలా దూరమని అప్పుడు కనిపెట్టి ఆయన్నీ కొట్టేశారు.

అందరూ బతికారు. మా ప్రయోజనం సున్నా అయింది. కేంద్రాన్ని మూసేయమని ఉత్తర్వు వచ్చింది. కాత్యాయని గారిని రాజధానిలో ఒక విజ్ఞాన ప్రదర్శనశాలకు బదిలీ చేశారు. అక్కడ రబ్బరు తిమింగలం ఒకటి ఉంది, దానికి ఎవరో ఒకరు బాధ్యత వహించాలి.

సీళ్లు వేయడానికి పరాంకుశం గారే లక్కా, ముద్రా పట్టుకుని వచ్చారు. వచ్చిన మర్నాడు ఆకాశం రాగి రంగుకు తిరిగింది. తుఫాను మా తీరం వైపే వస్తోందని, తీరవాసులు అప్రమత్తంగా ఉండాలని రేడియో చెప్పింది. రేడియో ఆ మాట ఏటా చెబుతూనే ఉంటుంది. ఊళ్లోవాళ్లు విని, తెప్పలు ఇంకాస్త పైకి లాగి, అన్నాలు వండుకున్నారు. ఉప్పుకోసం దుకాణానికి వెళ్లినప్పుడు నా చెవులారా విన్నాను. "అమ్మగోరు సెప్పనేదు కదా, మరి బయం నేదు" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మా నోటికి సీలు వేశారన్న సంగతి వాళ్లకు తెలియదు. మా మౌనాన్ని కూడా వాళ్లు హెచ్చరికల్లో ఒకటిగా లెక్కేసుకుంటున్నారు.

నేను పరిగెత్తుకుని వచ్చేసరికి, రాజధానికి ఇంకా బయల్దేరని కాత్యాయని గారు వరండాలో నేల మీద కూర్చుని సుద్దముక్కతో లెక్కలు వేస్తున్నారు. కంప్యూటరు గదికి సీలు పడింది. గడప నుంచి మెట్ల దాకా అంకెలే. చివరి అంకె వేసి ఆవిడ తలెత్తారు.

"ఈసారి బడి గోడ దాటుతుంది. మేడ ఒక్కటే మిగులుతుంది. పల్లపు వీధిలో ఇళ్ల కప్పులు కూడా కనబడవు" అన్నారు.

పరాంకుశం గారు ఆ అంకెల్ని తొక్కకుండా జాగ్రత్తగా దాటి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. ఆయన కళ్లలో నిజంగానే సంతోషం ఉంది.

"డాక్టరు గారూ, ఇది మహదవకాశము. కేంద్రము ఉండగా వచ్చిన తుఫాను చూచితిమి. కేంద్రము లేకుండగా వచ్చు తుఫాను మా శాఖ చరిత్రలోనే ప్రథమము. తమరు మౌనము వహించినచో, రేపు ఎంత నష్టము వాటిల్లునో అంతయు మీ ప్రయోజనమే. నేనే స్వయముగా కేంద్రము పునఃప్రారంభమునకు సిఫారసు చేసెదను. రెట్టింపు నిధులతో."

"నష్టమంటే?" అన్నారు ఆవిడ.

"అదే. ఈసారి నామధేయములు కూడా కచ్చితముగా లభించును."

నాకు ఒళ్లు మండిపోయింది. నా ఉద్యోగ జీవితంలో పై అధికారిని కొట్టాలనిపించింది ఆ ఒక్కసారే. కాత్యాయని గారు మాత్రం కోపం తెచ్చుకోలేదు. తన జీవితమంతా ఉన్న ఆ సీళ్ల గదుల వైపు ఒకసారి చూశారు. చీర కొంగుకు చేతులు తుడుచుకుని లేచారు.

"మైకెక్కడుందండీ?" అని నన్నడిగారు.

"సీలు గదిలో ఉందమ్మా."

"సీలు తీయుట శిక్షార్హము" అన్నారు పరాంకుశం గారు.

"అయితే పోలమ్మ దగ్గరికి పదండి."

పోలమ్మ చూరు కింద చేపలు సర్దుకుంటోంది. సంగతి విని, చేపలు వదిలేసి, ఎండుచేపలమ్మే రాగంలోనే ఎత్తుకుంది. "మేడెక్కండోయ్! అమ్మగోరు సెప్పినారోయ్! నీల్లు గోడ దాటేత్తాయంటోయ్!" ఆ గొంతుకు వీధులన్నీ బయటికి వచ్చాయి. వచ్చాయి గానీ కదల్లేదు.

"ఎక్కుతాం సరే అమ్మగోరూ" అన్నాడు జనంలోంచి ఒకతను. "ఎక్కి బతికినామంటే మల్లీ మా పేర్లు రాసీసి, మిసన్లో సంపేత్తారు కదా? మొన్నే బియ్యం మల్లీ వొచ్చినాయి. నీల్లలో సత్తే ఒక్కపాలే సత్తాం."

తలలు ఊగాయి. గాలి అప్పటికే ఇసుకను లేపుతోంది. కాత్యాయని గారు గబగబా నీళ్ల ఒడ్డుకు వెళ్లి దోసిట్లో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చారు.

"ఈ గంగమ్మ మీద ఒట్టు. ఎవరి పేరూ రాయను. ఎవరినీ రాయనివ్వను. నావల్ల బతికామని మీరెవరూ ఎక్కడా చెప్పొద్దు. అడిగితే మేడ మీద చల్లగా ఉంటుందని ఎక్కామనండి. నడవండి నాయనా, నడవండి!"

అప్పుడు ఊరు కదిలింది. చిట్టెమ్మను మంచంతో సహా మోసుకెళ్లారు. నేను పిల్లల్ని లెక్కపెట్టబోయి, ఒట్టు గుర్తొచ్చి మానేశాను. అందరూ ఎక్కాక, చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె తడిసి, ఒకాయన మెట్లెక్కి వచ్చారు.

"పరిశీలకుని హోదాలో" అన్నారు పరాంకుశం గారు, ఎవరూ అడక్కుండానే.

పోలమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. మూటలోంచి ఇంత గంజన్నం తీసి పెట్టింది. ఆయన సగం తిన్నాక అడిగింది.

"మీ పేరు రాయమంతారేటి బావూ, సచ్చిపోయుండేవోల్లలో?"

"వద్దు, వద్దు" అన్నారు ఆయన. గ్రాంథికంలో మాట్లాడటానికి కూడా టైము లేనంత తొందరగా అన్నారు.

నీళ్లు గోడ దాటాయి. మేడ మెట్లలో సగం దాకా వచ్చి ఆగాయి. పల్లపు వీధి కప్పులు కనబడలేదు. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు.

రెండు నెలలకు మదింపు నివేదిక అచ్చయి వచ్చింది. కాగితం ఇంకా మందం. "కేంద్రము నెలకొనియున్న కాలమున సంభవించిన తుఫానులో ప్రాణనష్టము శూన్యము. కేంద్రమును మూసివేసిన పిదప, అంతకంటె తీవ్రమైన తుఫానులో ప్రాణనష్టము శూన్యము. గ్రామస్థులను విచారింపగా, మేడ మీద చల్లగా ఉండునని ఎక్కితిమని ఏకకంఠముగా తెలిపిరి. కావున సదరు శాస్త్రమువలన ప్రయోజనము లేదని శాస్త్రీయముగా నిరూపితమైనది." ఈ నిరూపణకు పరాంకుశం గారికి శాలువా కప్పారు. శాలువాకు ఒక కొస ఆయన, రెండో కొస మంత్రిగారు పట్టుకుని కెమెరా వైపు చూశారు.

మదింపు శాఖ పని పెరిగింది కాబట్టి తీరప్రాంతంలో ఒక శాఖా కార్యాలయం కావలసి వచ్చింది. ఎంత ఉప్పెనకూ నీళ్లు చేరని చోటు వెతికారు. డాక్టర్ కాత్యాయని గారి పటం తెప్పించి చూసి, మా దిబ్బ మీది భవనాన్నే ఎంచుకున్నారు. సీళ్లు తీసి బోర్డు మార్చారు. నేనే హెడ్ గుమాస్తాని. ఇప్పుడు నా కింద ఇద్దరున్నారు.

సముద్రం రంగు మారినప్పుడల్లా పోలమ్మ గంప దించి, వెనక గుమ్మం దగ్గర నిలబడి, చేపలు అమ్మడానికి వచ్చినట్టు నటిస్తుంది.

"అమ్మగోరేటంతన్నారు?"

నేను లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, రాజధానిలో రబ్బరు తిమింగలం దగ్గరికి ఫోను చేస్తాను. గాలి ఎటునుంచి ఉందో, అల ఏ రాయిని ముట్టుకుందో చెబుతాను. ఆవిడ అక్కడ ఏ కాగితం ముక్క మీదో లెక్క వేసుకుని, నీళ్లు ఏ గడప దాకా వస్తాయో చెబుతారు. పెట్టేసే ముందు ప్రతిసారీ ఒకటే అడుగుతారు.

"ఎవరి పేరూ రాయలేదు కదా?"

"రాయలేదమ్మా."